రోగిని తూచే ముందు మన నాలుకను తూచుకుందాం

గత ఏడాది షాబాన్ నెలలో మా మదరసా ఆవరణలో ఉచిత వైద్య శిబిరం ఏర్పాటు చేశాము. రమజాన్ రాకకు ముందే మధుమేహం, రక్తపోటు ఉన్నవారు తమ స్థితి తెలుసుకుంటే, ఉపవాసాల విషయంలో వైద్యుని సలహా తీసుకోవటానికి వీలుంటుందన్నది మా సంకల్పం. పట్టణం నుంచి ఇద్దరు వైద్యులు, ఒక వైద్యురాలు, నర్సులు వచ్చారు. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు గదులు కేటాయించాము. స్త్రీల గది గుమ్మానికి పరదా కట్టించాము. అంతా మర్యాదగా, ధర్మబద్ధంగా అమరిందని లోలోపల సంతోషించాము.

ఒక్క విషయం మాత్రం మా దృష్టికి రాలేదు. బరువు తూచే యంత్రం ఒక్కటే ఉండటంతో, దాన్ని అందరూ దాటి వెళ్ళే వాకిట్లోనే ఉంచాము. మా విద్యార్థి ఒకడు అంకె చూసి గట్టిగా చెబుతున్నాడు. పక్కన బల్ల దగ్గర కూర్చుని మేము రిజిస్టరులో రాసుకుంటున్నాము. నలభై దాటిన ఒక సోదరి వచ్చి యంత్రం మీద నిలబడ్డారు. "తొంభై ఎనిమిది" అని కుర్రవాడు అరిచాడు. బెంచీ మీద వరుసలో ఉన్నవారిలో ఎవరో, యంత్రం నిలుస్తుందో లేదో చూసుకోండని అన్నారు. నలుగురు నవ్వారు. మేము నవ్వలేదు. కానీ వారించనూ లేదు. తల వంచుకుని 98 అని రాశాము.

ఆ సోదరి స్త్రీల గదిలోకి వెళ్ళి, అక్కడున్న మా శ్రీమతితో, "పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయి వచ్చాను ఆపా, ఇప్పుడే వస్తాను" అని చెప్పి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. రిజిస్టరులో ఆమె పేరు, వయస్సు, బరువు ఉన్నాయి. మిగతా గడులన్నీ ఖాళీగా ఉండిపోయాయి.

రెండు నెలల తరువాత ఆమె ఇంట్లో స్పృహ తప్పి పడిపోయారని, ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. గర్భాశయంలో గడ్డల మూలంగా చాలా కాలంగా రక్తం పోతున్నదట. హిమోగ్లోబిన్ 5 గ్రాములకు పడిపోయింది. రక్తం ఎక్కించవలసి వచ్చింది. అంతకు ముందు ఆయాసంగా ఉందని రెండుచోట్ల చూపించుకుంటే, రెండుచోట్లా పరీక్షించకుండానే బరువు తగ్గమని చెప్పి పంపారట. మూడవసారి మా శిబిరానికి వచ్చారు. హిమోగ్లోబిన్ పరీక్ష ఆ రోజు మేము ఉచితంగా చేయించాము. ఆ బల్ల ఆమె నిలబడిన చోటికి పదడుగుల దూరంలోనే ఉన్నది.

అల్లాహ్ దయ వల్ల ఆమె కోలుకున్నారు. కానీ ఆ పదడుగుల దూరం గురించి మేము ఆలోచించని రోజు లేదు. ఈ వ్యాసం ఆ ఆలోచన ఫలితమే.

సౌదా (రజి) గారికి లభించిన అనుమతి

విశ్వాసుల మాతృమూర్తులలో ఒకరైన హజ్రత్ సౌదా బిన్తె జమ్ఆ (రజి) భారీకాయులు. నడక నెమ్మది. హజ్ సందర్భంగా దైవప్రవక్త (స) ముజ్దలిఫాలో రాత్రి బస చేసినప్పుడు, జనసమ్మర్దం మొదలు కాకముందే మినాకు బయలుదేరటానికి ఆమె అనుమతి కోరారు. ఆయన (స) అనుమతించారు. ఆమె రాత్రివేళే బయలుదేరారు. మిగిలినవారు తెల్లవారేదాకా ఆగి ఆయన (స) వెంట వెళ్ళారు. ఈ ఉదంతాన్ని తెలిపిన హజ్రత్ ఆయిషా (రజి), తానూ అలాగే అనుమతి కోరి ఉంటే ఎంత బాగుండేదోనని తరువాతి కాలంలో అనుకునేవారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఈ హదీసు ఉన్నది.

మదరసాలో ఈ హదీసును మేము ఎన్నోసార్లు బోధించాము. ముజ్దలిఫా నుంచి ముందుగా బయలుదేరటం ఎవరికి ధర్మసమ్మతం అనే చర్చతోనే పాఠం ముగించేవాళ్ళం. ఇప్పుడు చదివితే మరొక సంగతి కనిపిస్తున్నది. హజ్ వంటి మహోన్నత ఆరాధనలో ఒక స్త్రీ తన శరీరభారాన్ని కారణంగా చూపి వెసులుబాటు కోరారు. ఆమెకు ఉపన్యాసం ఇవ్వలేదు, సంజాయిషీ అడగలేదు. అవసరాన్ని గుర్తించి దారి ఇచ్చారు.

ఆమె జీవితంలోనిదే మరొక ఘటన. పరదా ఆదేశం వచ్చిన తరువాత ఒక రాత్రి ఆమె అవసరార్థం బయటికి వెళ్ళారు. ఎత్తయిన భారీ విగ్రహం కనుక ఎరిగినవారు ఇట్టే గుర్తుపట్టగలరు. హజ్రత్ ఉమర్ (రజి) ఆమెను గుర్తించి ఆ మాట పైకే అన్నారు. ప్రవక్త కుటుంబ గౌరవం పట్ల ఆయనకున్న తపనే అందుకు కారణం. అయినా ఆమె వెళ్ళిన పని మాని వెనుదిరిగి ఇంటికి వచ్చేశారు. జరిగింది దైవప్రవక్త (స)కు చెప్పారు. ఆయన (స) అప్పుడు భోజనం చేస్తున్నారు. అంతలోనే దైవవాణి అవతరించింది. స్త్రీలు తమ అవసరాల నిమిత్తం బయటికి వెళ్ళటానికి అనుమతి ఉన్నదని ఆయన (స) తెలిపారు.

ఒక మాట విని వెనుదిరిగిన స్త్రీకి షరీఅత్ మళ్ళీ తలుపు తెరిచింది. మా వాకిట్లో ఒక మాట విని వెనుదిరిగిన స్త్రీకి మేము ఏ తలుపు తెరిచాము?

నాలుక చేసే గాయం

అల్ హుజురాత్ సూరా 11వ ఆయత్ పరిహాసాన్ని, మారుపేర్లతో పిలవటాన్ని నిషేధించింది. పురుషులను, స్త్రీలను విడివిడిగా ప్రస్తావించి మరీ హెచ్చరించింది. ఈ ఆయత్ మన పిల్లలకు కంఠస్థం. కానీ మన ఇళ్ళలో లావుగా ఉన్న పిల్లవాడికి మోటా అని, సన్నగా ఉన్న అమ్మాయికి పుల్ల అని పేర్లు స్థిరపడిపోతాయి. ప్రేమతో పిలుస్తున్నామంటాము. పిలిపించుకునేవారిని ఎన్నడూ అడగము.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) బక్కపలుచని మనిషి. ఒకసారి ఆయన మిస్వాక్ కోసం అరాక్ చెట్టెక్కినప్పుడు గాలికి వస్త్రం తొలగి సన్నని పిక్కలు కనిపించాయి. చూసినవారు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగారు. కారణం విని, పరలోకపు త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ కొండ కన్నా బరువు తూగుతాయని వారికి బోధపరిచారు. ముస్నద్ అహ్మద్‌లో నమోదైన ఉదంతమిది. శరీరాన్ని చూసి నవ్విన చోట, ఆయన (స) మౌనంగా ఉండలేదు. మేము మౌనంగా ఉన్నాము. తేడా అక్కడే ఉన్నది.

వైద్యశాలలో ఈ గాయం మరింత లోతుగా దిగుతుంది. రోగి అక్కడికి భయంతో వస్తాడు. దాచుకున్న బాధను, కప్పుకున్న దేహాన్ని పరాయివారి ముందు విప్పుతాడు. ఆ స్థితిలో తగిలిన మాటను ఏళ్ళ తరబడి మోస్తాడు. తరువాతిసారి జబ్బు ముదిరేదాకా గడప తొక్కడు. అధిక బరువు ఉన్నవారి పట్ల చిన్నచూపు వారి ఆరోగ్యానికి హాని చేస్తుందని, వారిని వైద్యానికి దూరం చేస్తుందని వివిధ దేశాల నిపుణులు 2020లో నేచర్ మెడిసిన్ పత్రికలో సంయుక్త ప్రకటన చేశారు. సిగ్గుపరిస్తే మనిషి మారతాడన్న నమ్మకం అటు అనుభవంలోనూ ఇటు శాస్త్రంలోనూ నిలవలేదన్న మాట.

పరికరం మనిషికి సరిపోవాలి

శిబిరానికి వచ్చిన వైద్యురాలిని తరువాత కలిసి, మా లోపాలు చెప్పమని కోరాము. ఆమె మొదట చూపించినది రక్తపోటు కొలిచేటప్పుడు చేతికి చుట్టే పట్టీని. మామూలు పట్టీ 27 నుంచి 34 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతులకు ఉద్దేశించినది. 35 నుంచి 44 వరకు పెద్ద పట్టీ కావాలి. ఆ పైన మరింత పెద్దది ఉన్నది. సన్నని చేతులకు చిన్నది ఉన్నది. మన చిన్న క్లినిక్కులలో తరచు ఒకే పట్టీ అందరికీ చుడతారు. మా శిబిరంలోనూ అంతే.

దాని ఫలితం తక్కువైనది కాదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఈ విషయాన్ని పరీక్షించి 2023లో ప్రకటించారు. అతి పెద్ద పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ చుడితే పై అంకె సగటున 19.5 పాయింట్లు ఎక్కువ చూపింది. చిన్న పట్టీ అవసరమైనవారికి మామూలు పట్టీ చుడితే 3.6 పాయింట్లు తక్కువ చూపింది. అంటే లావుపాటి మనిషికి లేని జబ్బును అంటగట్టి మందులు మింగించే ప్రమాదం, సన్నని మనిషిలో ఉన్న జబ్బును చూడకుండా వదిలేసే ప్రమాదం రెండూ ఉన్నాయి. ఆ తప్పు రోగి దేహానిది కాదు, పట్టీది.

మిగతా వస్తువులూ ఇలాగే. చేతులున్న ఇరుకు ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కుని కూర్చోవటం ఎంత అవమానమో, ఆ కుర్చీలో సులువుగా పట్టేవారికి తెలియదు. పరీక్ష బల్ల ఎత్తుగా ఉండి, ఎక్కటానికి గట్టి మెట్టు లేకపోతే భారీకాయులే కాదు, వృద్ధులు, గర్భిణులు, మోకాళ్ళ నొప్పులవారు కూడా అవస్థ పడతారు. కండకు ఇచ్చే ఇంజెక్షన్‌లో సూది పొడవు చాలకపోతే మందు కండకు చేరక కొవ్వులోనే ఆగిపోవచ్చు. ఆసుపత్రిలో తొడిగే గౌను చుట్టూ రాకపోతే పరదా పాటించే మన స్త్రీలకు అది ప్రాణసంకటం. గౌను చాలదన్న భయంతోనే స్కానింగ్ మానుకున్నవారి గురించి ఆ వైద్యురాలు చెబుతుంటే మేము తల వంచుకున్నాము.

నిలబడి నమాజు చేయలేనివారికి కూర్చుని చేసే వెసులుబాటు, కూర్చోలేనివారికి పడుకుని చేసే వెసులుబాటు ధర్మం ఇచ్చింది. నీరు హాని చేసే రోగికి తయమ్ముమ్ అనుమతించింది. ఆరాధననే దాసుని శక్తికి తగినట్లు అమర్చిన ధర్మాన్ని అనుసరించే మనం, ఒక కుర్చీని, ఒక పట్టీని మనిషికి తగినట్లు అమర్చలేమా?

చూపుతో చేసే నిర్ధారణ

ఆ సోదరికి జరిగిన అసలు అన్యాయం పరిహాసం కన్నా ముందే మొదలయింది. ఆయాసమని చెప్పగానే ఆమెను చూసి, కారణం బరువేనని తేల్చేశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అదే సర్వే ప్రకారం 24 శాతం స్త్రీలు అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు. ఆంధ్రప్రదేశ్‌లో వీరు 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండకూడదన్న నియమమేదీ లేదు. లావుగా ఉన్నంత మాత్రాన రక్తం పుష్కలంగా ఉన్నట్లు కాదు.

ఈ పొరపాటు రెండో వైపు కూడా జరుగుతుంది. సన్నగా ఉన్నవానికి చక్కెర వ్యాధి ఏమిటని పరీక్ష చేయని సందర్భాలు ఉన్నాయి. మన ప్రాంతాలవారికి తక్కువ బరువులోనే మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అందుకే ఎత్తు బరువుల నిష్పత్తి అయిన బి.ఎం.ఐ. 23 దాటితేనే మనవారు జాగ్రత్త పడాలని భారతీయ నిపుణులు హద్దు తగ్గించారు. ఆ సూత్రానికి మూలమైన లెక్కను 19వ శతాబ్దంలో కట్టినవాడు కెట్లే అనే బెల్జియం గణిత శాస్త్రవేత్త. ఆయన వైద్యుడు కాదు. జనసమూహాల సగటు తెలుసుకోవటం ఆయన ఉద్దేశం. ఒక వ్యక్తికి స్థూలకాయ వ్యాధి ఉన్నదని ఆ ఒక్క అంకెతోనే తేల్చరాదని, నడుము కొలత వంటివి కూడా చూడాలని, అవయవాల పనితీరు పరీక్షించాలని 2025లో లాన్సెట్ నిపుణుల సంఘం సూచించింది.

బరువు పెరగటానికి తిండిపోతుతనమే కారణమన్న తీర్పు కూడా తొందరపాటే. థైరాయిడ్ మందగించటం, స్త్రీలలో అండాశయ సమస్యలు, ఉబ్బసానికో కీళ్ళవాతానికో దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్ మాత్రలు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు, వంశపారంపర్యం, నిద్రలేమి ఇవన్నీ బరువును పెంచగలవు. సాటి మనిషి గురించి చెడు అనుమానాలకు దూరంగా ఉండమని ఆదేశించిన ధర్మం మనది. అతని పళ్ళెం గురించి అనుమానం కూడా అనుమానమే.

మరి బరువు సంగతి చెప్పనే కూడదా?

ఇక్కడ కొందరు పాఠకులకు సందేహం కలగవచ్చు. శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానతు కదా, మితాహారం ప్రవక్త (స) బోధన కదా, అధిక బరువు మధుమేహానికి, గుండె జబ్బుకు, కీళ్ళ అరుగుదలకు దారి తీస్తుంది కదా, వైద్యుడు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు అని.

నిజమే. చెప్పాలి. మేము కోరుతున్నది మౌనం కాదు, అదబ్. రోగి ఏ బాధతో వచ్చాడో ముందు దాన్ని వినాలి, పరీక్షించాలి, దానికి మందు ఇవ్వాలి. ఆ తరువాత, "మీ బరువు గురించి కూడా మాట్లాడుకుందామా?" అని అడగాలి. ఒప్పుకుంటే ఏకాంతంలో, ఆచరించగలిగిన సలహా ఇవ్వాలి. ఇప్పుడు వద్దంటే మరోసారి అవకాశం ఉంటుంది. ఎందుకంటే గౌరవం దొరికిన చోటికి రోగి మళ్ళీ వస్తాడు.

బరువు తూచటం కూడా మానరానిది. పిల్లల మందుల మోతాదుకు, మత్తుమందు ఇచ్చే ముందు, గర్భిణులకు, ఒంట్లో నీరు చేరే గుండె, మూత్రపిండాల రోగులకు ఆ అంకె అవసరం. పరదా చాటున తూచి, పైకి అరవకుండా చీటీ మీద రాయటానికి ఖర్చేమీ కాదు. అంకె చూడటం ఇష్టం లేనివారు యంత్రానికి వీపు చేసి నిలబడవచ్చు. పంటి నొప్పికో చెవి పోటుకో వచ్చిన పెద్దలను తూచవలసిన పని సాధారణంగా ఉండదు.

రోగులకు కూడా ఒక మాట. మంచి మాట చెప్పిన ప్రతి వైద్యుడూ అవమానించినట్లు కాదు. కానీ పరీక్ష లేకుండా పంపేస్తున్నారనిపిస్తే, "ఇదే బాధ సన్నని మనిషికి ఉంటే ఏ పరీక్షలు రాస్తారు డాక్టరుగారూ?" అని మర్యాదగా అడగటం మీ హక్కు. చేతికి పట్టీ బిగుతుగా ఉంటే పెద్దది ఉన్నదా అని అడగండి. మాట్లాడటానికి బెరుకైతే తోడుగా ఒకరిని తీసుకువెళ్ళండి. ఆ తోడు వెళ్ళేవారు రోగి తరఫున మాట్లాడాలి. "నేను రోజూ చెబుతూనే ఉన్నాను, వినదు" అని వైద్యుని ముందు ఫిర్యాదు చేయటానికి కాదు వెళ్ళేది.

ఈ ఏడాది శిబిరం

మానవుల హక్కులకు సంబంధించిన తప్పును బాధితులు మన్నిస్తేనే విముక్తి అని మేము విద్యార్థులకు బోధిస్తాము. కనుక ఆ సోదరి ఇంటికి మా శ్రీమతిని పంపి క్షమాపణ కోరాము. "మౌలానాగారు ఏమీ అనలేదు కదా ఆపా" అన్నారట ఆమె. ఏమీ అనకపోవటమే మా తప్పు అని మళ్ళీ చెప్పి పంపాము. ఆమె కాసేపు ఊరుకుని, మన్నించానన్నారట. అల్లాహ్ ఆమెకు ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక.

ఈ షాబాన్‌లో శిబిరం మళ్ళీ జరిపాము. ముందురోజు విద్యార్థులను, సేవకు వచ్చిన యువకులను కూర్చోబెట్టి సౌదా (రజి) గారి హదీసు చదివించాము. తూచే యంత్రాలు రెండు తెచ్చి, స్త్రీలది లోపలి గదిలో పరదా వెనుక ఉంచాము. పట్టీలు మూడు కొలతలవి కొన్నాము. చేతులున్న కుర్చీలు తీసి, మదరసా వరండాలోని వెడల్పాటి చెక్క బెంచీలు వేయించాము. పరీక్ష బల్లకు వడ్రంగి చేత గట్టి మెట్టు చేయించాము. అన్నింటికీ కలిపి అయిన ఖర్చు, శిబిరం రోజు భోజనాలకు అయిన ఖర్చులో సగం కూడా లేదు.

మసీదు కమిటీలు, జకాత్ నిధులతో క్లినిక్కులు నడిపే సంస్థలు, మన సముదాయంలోని వైద్యులు ఈ చిన్న మార్పులు చేయగలరు. 1595లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదులో కట్టించిన వైద్యశాలకు దారుష్షిఫా అని పేరు. స్వస్థత నిలయం అని అర్థం. ఇప్పటికీ ఆ పేట ఆ పేరుతోనే ఉన్నది. గడపలోనే గాయపరిచే ఇల్లు స్వస్థత నిలయం ఎలా అవుతుంది?

ఆ సోదరి ఈసారి శిబిరానికి రాలేదు. మేము నొచ్చుకున్నాము, కానీ ఆశ్చర్యపోలేదు. మధ్యాహ్నం తరువాత ఆమె కోడలు వచ్చింది. అత్తగారే పంపారని చెప్పింది. లోపలి గదిలో ఆమె వివరాలు రాసుకున్నారు. సాయంత్రం రిజిస్టరు మా చేతికి వచ్చినప్పుడు చూశాము. ఆ వరుసలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

రోగగ్రస్తులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. వారి ముందు మన నాలుకలను అదుపులో ఉంచుకునే భాగ్యం మనకు కలిగించుగాక. ఆమీన్.